కెమెరాకి కనిపించని మనిషి

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా ఇంటి ముందు గదిలో ఒక కెమెరా బిగించాను. గోడకి మేకు కొట్టి, వైఫైకి కలిపి, ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే అయిపోయింది. మొత్తం ఇరవై నిమిషాల పని.

అదంతా మా నానమ్మ కోసం. ఆవిడకి ఎనభై రెండేళ్లు. రెండేళ్ల నుంచి మతిమరుపు. డిమెన్షియా అని డాక్టరు గారు చెప్పారు. రాత్రిళ్లు లేచి, గడియ తీసుకుని బయటికి వెళ్లిపోతుంది. ఒకసారి కాలవ గట్టు దాకా వెళ్లిపోతే పాలు పోసే అబ్బాయి చూసి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

నేనుండేది కొండాపూర్‌లో. ఊరు తణుకు దగ్గర. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల సంగతి తెలుసు కదా, సమస్య కనపడితే చాలు, ముందు దానికో డివైస్ ఆర్డర్ పెట్టేస్తాం. ఈ కెమెరాలో మనం ఇక్కడ మాట్లాడితే అక్కడ వినపడుతుంది కూడా. మొదటి రోజు ఉత్సాహంగా "నానమ్మా, భోంచేశావా?" అన్నాను. పాపం, ఆవిడ మంచం కింద, తలుపు వెనకాల నా కోసం పది నిమిషాలు వెతికింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ బటన్ నొక్కలేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి ఏదో ప్రొడక్షన్ ఇష్యూ వచ్చి మేలుకునే ఉన్నాను. మూడింటికి ఫోన్ మోగింది. "కదలిక గుర్తించాం" అని యాప్ మెసేజ్. తెరిచి చూశాను. నానమ్మ లేచి తలుపు దగ్గర నిలబడింది. "మా ఇంటికెళ్తాను, పొద్దుపోయింది" అంటోంది. అమ్మ వచ్చింది. వాదించలేదు. "పదండత్తయ్యా, నేనూ వస్తా" అని తలుపు తీసింది. ఇద్దరూ వరండాలో అటూ ఇటూ నడిచారు. కాసేపటికి లోపలికొచ్చారు. నానమ్మ పడుకుంది. హమ్మయ్య అనుకుని యాప్ మూసి నా పని చూసుకున్నాను.

పనయ్యాక ఊరికే మళ్లీ తెరిచాను. మూడూ యాభై అయింది. అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. గోడకి తలానించి, ఎటో చూస్తూ. వీడియో వెనక్కి జరిపి చూస్తే, నలభై నిమిషాల నుంచి అలాగే ఉంది. ఆ నలభై నిమిషాల్లో నాకు ఒక్క అలర్ట్ కూడా రాలేదు. ఎందుకంటే అమ్మ కదల్లేదు. కదిలితేనే కదా అది చెప్పేది!

పొద్దున్నే ఫోన్ చేశాను. "ఎలా ఉన్నారు?" అన్నాను. "బాగానే ఉన్నాం నాన్నా, నువ్వు టిఫిన్ చేశావా?" అంది.

ఆ "బాగానే ఉన్నాం" అన్న మాట నేను రెండేళ్ల నుంచి వింటున్నాను. ఆ రోజే మొదటిసారి నమ్మలేదు.

ఇక ఆ వారమంతా నేను చేసింది, మామూలుగా నాకు తెలిసిందే, వెతకడం. మొదట మందుల గురించి వెతికాను. తర్వాత ట్రాకింగ్ వాచీల గురించి. ఆ తర్వాత "డిమెన్షియా ఉన్నవాళ్లని చూసుకునేవాళ్లు" అని వెతికాను. అక్కడ దొరికింది గోవా. బీచ్‌ల గోవా కాదు. పరిశోధన గోవా.

కాస్త వెనక్కి వెళ్దాం. 1998లో కొచ్చిలో కొంతమంది పరిశోధకులు కలిసి ఒక బృందంగా ఏర్పడ్డారు. పేరు 10/66. వినడానికి ఏదో వెర్షన్ నంబర్‌లా ఉంది కదా! దాని అర్థం ఇది: అప్పటి లెక్కల ప్రకారం డిమెన్షియా ఉన్నవాళ్లలో 66 శాతం మంది మనలాంటి దేశాల్లో ఉన్నారు. కానీ డిమెన్షియా మీద జరిగే పరిశోధనలో 10 శాతం కూడా వాళ్ల గురించి లేదు. ఆ బృందాన్ని నడిపినవాళ్లలో లండన్‌కి చెందిన మార్టిన్ ప్రిన్స్ ముఖ్యుడు.

2001లో ప్రిన్స్, గోవాలో పని చేస్తున్న సైకియాట్రిస్ట్ విక్రమ్ పటేల్ కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. గోవాలో మామూలు జనంతో కూర్చుని, డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ల కథ, దిగులుతో ఉన్న పెద్దవాళ్ల కథ చెప్పి, "ఇలాంటి వాళ్లు మీకు తెలుసా? ఎందుకిలా అవుతుంది?" అని అడిగారు. చాలామంది తెలుసన్నారు. కానీ అది జబ్బు అని అనుకోలేదు. వయసు మీద పడితే అంతేగా అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. పిల్లలు సరిగ్గా చూడకపోతే, ప్రేమ లేకపోతే పెద్దవాళ్లు అలా అవుతారని.

ఇది చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. ఎందుకంటే ఈ మాట నేను మా ఇంట్లోనే విన్నాను.

మా నానమ్మ అన్నం తిన్న పావుగంటకి మర్చిపోతుంది. ఎవరైనా చూడ్డానికి వస్తే "పొద్దుట్నుంచీ ఏమీ పెట్టలేదమ్మా" అంటుంది. అబద్ధం చెప్పడం కాదు. ఆవిడకి నిజంగానే గుర్తుండదు. వచ్చినవాళ్లు అమ్మ మొహంలోకి ఒక చూపు చూస్తారు. ఎదురుగా ఎవరూ ఏమీ అనరు. కానీ ఊరన్నాక మాట ఆగుతుందా? "పాపం ముసలావిణ్ణి కోడలు మాడుస్తోందట" అన్న మాట నాలుగు గుమ్మాలు దిగి మళ్లీ మా గుమ్మానికే వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఆవిడ చేతి కింద వంట నేర్చుకుని, ఇప్పుడు ఆవిడకి తన చేత్తో కలిపి తినిపిస్తున్న మనిషికి దక్కిన బిరుదు అది.

కేరళలో డాక్టర్ కె.ఎస్. షాజీ బృందం చేసిన పనిలోనూ ఇదే కనిపిస్తుంది. అక్కడ చూసుకుంటున్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, అందులోనూ చాలాసార్లు కోడళ్లే. జబ్బు అని తెలియక, పెద్దావిడ కావాలనే సతాయిస్తోందని ఇంట్లోవాళ్లు అనుకోవడం కూడా ఉంది. అంటే ఒకవైపు పెద్దవాళ్ల మీద నింద, ఇంకోవైపు చూసుకునేవాళ్ల మీద నింద. జబ్బు మీద మాత్రం ఎవరూ వేలు పెట్టరు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. గోవా మెడికల్ కాలేజీలో పని చేసే డాక్టర్ అమిత్ డయాస్, 10/66 బృందంలోని వాళ్లతో కలిసి, సంగత్ అనే సంస్థ ద్వారా ఒక ప్రయోగం చేశాడు. 2008లో ప్రచురించారు. గోవాలో రెండు తాలూకాలు తీసుకున్నారు. డిమెన్షియా ఉన్న మనిషి ఉన్న 81 కుటుంబాలు ఒప్పుకున్నాయి. చీటీ తీసినట్టు వాటిని రెండు భాగాలు చేశారు. 41 కుటుంబాలకి ఇంటి దగ్గర సాయం. మిగతా 40 కుటుంబాలకి జబ్బు గురించి సమాచారం ఇచ్చి, ఆరు నెలల తర్వాత అదే సాయం వాళ్లకీ అందేలా వరసలో పెట్టారు. మన భాషలో ఏ/బీ టెస్ట్ అన్నమాట.

మరి ఆ సాయం ఏంటి? కొత్త మందా? యాపా? కాదు. ఒక మనిషి. ఇంటికొచ్చే మనిషి. ఆ మనిషి డాక్టరు కాదు, నర్సు కూడా కాదు. ఇంటర్ స్థాయి చదువు, నలుగురితో కలుపుగోలుగా మాట్లాడే స్వభావం ఉన్న మామూలు ఊరి మనిషి. కొంత శిక్షణ ఇచ్చారు. వెనకాల ఒక సైకియాట్రిస్ట్ ఉంటారు, అవసరమైతే చూస్తారు. ఈ మనిషి కనీసం పదిహేను రోజులకోసారి, ఆరు నెలల పాటు ఇంటికి వెళ్లి కూర్చునేవారు. ఇది జబ్బే, ఎవరి తప్పూ కాదని చెప్పేవారు. స్నానానికి మొండికేస్తే ఏం చెయ్యాలి, తిండి దగ్గర గొడవైతే ఏం చెయ్యాలి, రాత్రి లేచి తిరిగితే ఏం చెయ్యాలి, ఇవన్నీ ఆ ఇంటికి తగ్గట్టు మాట్లాడేవారు. పరిస్థితి చెయ్యి దాటితే డాక్టరు దగ్గరికి పంపేవారు. వృద్ధులకి వచ్చే ప్రభుత్వ పథకాల గురించి చెప్పేవారు. ఇలాంటి ఇంకో ఇంటివాళ్లతో పరిచయం చేసేవారు. అంతే.

ఆరు నెలల తర్వాత ఏమైంది? ఇక్కడ నేను నిజం నిజంలాగే చెప్పాలి. పెద్దవాళ్ల జబ్బు నయం కాలేదు. వాళ్ల ప్రవర్తన కొంచెం మెరుగైనట్టు కనిపించినా, గట్టిగా చెప్పుకునేంత తేడా కాదు. ఆ ఆరు నెలల్లోనే 18 మంది పెద్దవాళ్లు చనిపోయారు. చివరిదాకా ఉన్నవి 59 కుటుంబాలు. డిమెన్షియా అంటే అదీ. కానీ ఒక్క చోట స్పష్టమైన తేడా వచ్చింది. చూసుకునేవాళ్ల మానసిక ఆరోగ్యంలో.

ఇది రెండోసారి చదివాను. నా బుర్రలో ఒక బల్బు వెలిగింది. ఆ పరిశోధకులు ముందే ఆలోచించి, జబ్బు మనిషినే కాకుండా పక్కన కూర్చున్న మనిషిని కూడా కొలిచారు. ఈ మధ్య నీ నిద్ర ఎలా ఉంది, ఒత్తిడిగా ఉంటోందా, చేసే పని మీద ధ్యాస నిలుస్తోందా అని వాళ్లని కూర్చోబెట్టి అడిగారు. నేనేం చేశాను? నానమ్మ మంచం వైపు కెమెరా తిప్పి పెట్టాను. మా ఆఫీసులో సర్వర్ మీద ఎంత భారం పడుతోందో చూపించే డ్యాష్‌బోర్డులు నాలుగుంటాయి. మా ఇంట్లో భారమంతా పడుతున్న మనిషికి ఒక్కటి కూడా లేదు.

అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా వింది.

"ఇంటికొచ్చి ఏం చేసేవారు రా వాళ్లు?"

"కూర్చుని వినేవారంట. ఇలా చెయ్యండి, అలా చెయ్యండి అని చెప్పేవారంట."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మన ఊరు కూడా వస్తారా?" అంది.

రారమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నిజానికి రాకూడదన్న రూలేమీ లేదు. ఇంటర్ చదివి, ఊళ్లో అందరి ఇళ్లూ తెలిసిన మనుషులు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆశా కార్యకర్తలు ఉన్నారు. వాళ్ల నెత్తిన ఇప్పటికే ఉన్న పనికి తోడు ఇది కూడా ఊరికే పడేయమని కాదు. శిక్షణ, జీతం ఇచ్చి చేయించాలి. 81 కుటుంబాలు చిన్న సంఖ్యే, ఒక్క గోవాతో అన్నీ తేలిపోవు. కానీ పెద్ద ఆస్పత్రి కట్టేదాకా ఆగక్కర్లేదని మాత్రం అది చూపించింది. మన దగ్గర లెక్క చిన్నదేం కాదు. దేశవ్యాప్తంగా జరిగిన లాసీ అనే పెద్ద సర్వేతో కలిపి చేసిన అధ్యయనం ప్రకారం 60 దాటినవాళ్లలో సుమారు 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. మనుషుల్లో చెప్పాలంటే 88 లక్షలు. వాళ్లలో ప్రతి ఒక్కరి వెనకాల గుమ్మంలో ఒకరు కూర్చునే ఉంటారు.

అమిత్ డయాస్ ఇంకో పని కూడా చేశాడు. అది నాకు ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. ఈసారి డిమెన్షియా కాదు, దిగులు. డిప్రెషన్. 60 దాటి, ఇంకా పూర్తి డిప్రెషన్ రాలేదు కానీ ఆ లక్షణాలు మొదలైన 181 మందిని గోవాలోని ప్రాథమిక వైద్య కేంద్రాల్లో గుర్తించారు. సగం మందికి మళ్లీ మామూలు మనుషులే, శిక్షణ తీసుకున్న కౌన్సెలర్లు, సాయం చేశారు. రోజువారీ సమస్యల్ని ఒక్కొక్కటిగా విప్పుకోవడం ఎలా, నిద్ర సరి చేసుకోవడం ఎలా, షుగర్ లాంటివి చూసుకోవడం ఎలా, పెన్షన్ లాంటి సాయాలు అందుకోవడం ఎలా, ఇవీ మాట్లాడుకున్నవి. 2019లో ఫలితాలు వచ్చాయి. ఏడాదిలో ఈ సాయం అందిన 91 మందిలో నలుగురికి డిప్రెషన్ వచ్చింది. అందని 90 మందిలో 13 మందికి వచ్చింది.

ఎందుకు గుచ్చుకుందంటే, ఆరేళ్ల కిందట తాతయ్య పోయాక నానమ్మ ఏడాది పాటు సరిగ్గా తినలేదు. గుడికి వెళ్లడం మానేసింది. టీవీ సీరియల్ మానేసింది. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చునేది. మేమందరం ఏమనుకున్నాం? "వయసు. తాతయ్య మీద బెంగ. అదే సర్దుకుంటుంది." అప్పుడు ఎవరైనా వారానికోసారి వచ్చి కూర్చుని ఉంటే ఈ డిమెన్షియా వచ్చేది కాదు అని నేను అనను. అలా చెప్పే హక్కు నాకు లేదు. కానీ ఆ ఏడాది అయినా ఆవిడకి కొంచెం తేలిగ్గా గడిచేది కదా!

సరే, మేమేం చేశామో చెప్తాను. గొప్పలకి కాదు. మీలో ఎవరికైనా పనికొస్తుందేమోనని.

మొదటిది, రాత్రి డ్యూటీ. నానమ్మ ఎవరికి అమ్మ? మా నాన్నకి. రెండేళ్లుగా రాత్రిళ్లు లేస్తున్నది ఎవరు? మా అమ్మ. ఈ మాట నాన్నతో అనడానికి నాకు నెల పట్టింది. అన్నాక ఆయన కోప్పడతారనుకున్నాను. "నాకు మెలకువ రాదురా" అన్నారు. "అలారం వస్తుంది నాన్నా" అన్నాను. ఇప్పుడు వారానికి మూడు రాత్రులు ఆయనవి. మొదట్లో అమ్మే లేచి వచ్చేసేది, అలవాటు కొద్దీ. ఇప్పుడు పక్క గదిలో తలుపేసుకుని పడుకుంటోంది.

రెండోది, భీమవరంలో ఉన్న అత్త. ముందు నానమ్మని వాళ్లింటికి తీసుకెళ్దామనుకున్నాం. ఒకసారి తీసుకెళ్లాం కూడా. కొత్త చోటు కావడంతో నానమ్మ ఇంకా కంగారు పడిపోయింది, రెండు రోజులకే తిరిగి తెచ్చేశాం. ఇప్పుడు అత్తే రెండు నెలలకోసారి వచ్చి వారం పది రోజులు ఉంటోంది. మొదటిసారి వచ్చి వెళ్లేటప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని "వదినా, నేను ఫోన్లో విని నిన్ను ఏదో అనుకున్నాను" అంది. అమ్మ ఏడ్చింది. ఆ రెండేళ్లలో అమ్మ ఒకరి ఎదురుగా ఏడవడం అదే మొదలనుకుంటాను.

మూడోది, కెమెరా తీసేశాను. నాన్న దాని బదులు తలుపుకి పాత ఆవు మెడ గంట కట్టారు. తలుపు తీస్తే మోగుతుంది. ఇంట్లో ఉన్నవాళ్లకి వినపడుతుంది. కొండాపూర్‌లో ఉన్న నాకు వినపడి ఉపయోగం ఏముంది? ఖర్చు సున్నా. నా ఇంజినీరింగ్ డిగ్రీకి కొంచెం అవమానమే కానీ, పని చేస్తోంది.

నాలుగోది, నా వంతు. నెలకి రెండు వారాంతాలు ఊరు. శుక్రవారం రాత్రి బస్సు, ఆదివారం రాత్రి బస్సు. ఆ శనివారం రాత్రి డ్యూటీ నాది. మా టీమ్ లీడ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సోమవారం పొద్దున మీటింగ్ పదకొండుకి మార్చాడు. అడగకముందు ఇది కుదరదని నేనే తేల్చేసుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

మీ ఇంట్లో కూడా ఎవరైనా పెద్దవాళ్లు ఇలా ఉంటే రెండు మాటలు. మతిమరుపు అనగానే వయసులే అని వదిలేయకండి. థైరాయిడ్ తేడా, బీ12 తగ్గడం, డిప్రెషన్ వీటివల్ల కూడా మతిమరుపు రావచ్చు. వాటికి వైద్యం ఉంది. అందుకే ముందు డాక్టరుకి చూపించాలి. రెండోది, నంబర్లు. 14567 వృద్ధుల కోసం ఉన్న జాతీయ హెల్ప్‌లైన్. పెన్షన్, చట్టం, వేధింపులు, ఒంటరితనం, దేని గురించైనా అడగొచ్చు. 14416 టెలీ మానస్. మనసు బాలేనప్పుడు ఎవరైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ల కోసమే కాదు, చూసుకునేవాళ్ల కోసం కూడా. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

పోయిన శనివారం రాత్రి రెండున్నరకి గంట మోగింది. లేచాను. నానమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నువ్వెవరబ్బాయివి?" అంది.

పేరు చెప్పబోయి ఆగాను. "ఈ ఇంట్లో వాణ్ణే. ఎక్కడికి నానమ్మా?"

"మా ఇంటికి."

"పద, నేనూ వస్తా."

వరండాలో ఇద్దరం నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాం. చెయ్యి చాలా తేలిగ్గా ఉంది. వాళ్ల ఊళ్లో మామిడి తోట గురించి ఏదో చెప్పింది. తర్వాత "చలేస్తోంది" అంది, లోపలికి తీసుకొచ్చి పడుకోబెట్టాను. ఆవిడ వెంటనే నిద్రపోయింది. నాకు మాత్రం పట్టలేదు. వెళ్లి గుమ్మంలో కూర్చున్నాను. అమ్మ కూర్చున్న చోటే. అక్కడ కూర్చుంటే తెలిసింది, ఆ నలభై నిమిషాలు ఎందుకు పడతాయో.

అమ్మ ఆ రోజు ఏడింటిదాకా లేవలేదు.

ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "ఎలా ఉన్నారు?" అని అడక్కండి. దానికి జవాబు మనకి ముందే తెలుసు. చూసుకుంటున్న మనిషిని పిలిచి, "రాత్రి నువ్వు ఎన్ని గంటలు పడుకున్నావు?" అని అడగండి. అడిగి, వాళ్లు నిజం చెప్పేదాకా ఫోన్ పెట్టేయకండి.